తీగ మీద బస్సు

రోజు 219, రెండో షిఫ్ట్

ఇది తీగ గదిలో ఫ్యూజుల వివరాలు రాసే పుస్తకం. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, వాటిలో రాస్తున్నాను. స్కూల్లో మాకు అన్నీ ఇంగ్లీషులోనే. ఇంగ్లీషులో ఏది రాసినా, చేత్తో రాసినా, గోడ మీదున్న కెమెరా చదివేస్తుంది. తెలుగు చేతిరాత చదవడం దానికి ఎవరూ నేర్పలేదు. నా అక్షరాలు అంత బాగుండవు. అదీ ఒకందుకు మంచిదే.

నా పేరు సంహిత. పదహారేళ్లు. స్కూలు అయ్యాక రెండో షిఫ్ట్ మొత్తం అమ్మ బదులు నేనే తీగ మీద కూర్చుంటాను. అమ్మ వెనక బెంచీ మీద పడుకుంటుంది. ఇది ఎవరికీ తెలియకూడదు. రెండేళ్ల కిందట వంతు వచ్చి అమ్మ మేముండే గనిలోంచి నలభై రోజుల పనికి పైకి వెళ్లింది, సోలార్ పలకలు తుడవడానికి. ముప్పై ఒకటో రోజు ఎండదెబ్బ తగిలితే గని లిఫ్టులో పడుకోబెట్టి కిందికి దించారు. అప్పటి నుంచి ఎడమ చేయి వణుకుతుంది. మీటలు వేగంగా కొట్టలేకపోతుంది. ఆ సంగతి తెలిస్తే తీగ గది నుంచి తీసేస్తారు. తీగ గది ఉద్యోగం లేనివాళ్లకు పైకి వెళ్లే వంతు మళ్లీ వస్తుంది. రెండోసారి వెళ్తే ఆమె తిరిగి రాదని డాక్టర్ చెప్పింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. పద్దెనిమిది నిండనివాళ్లు ఎవరి బదులూ పైకి వెళ్లకూడదు.

పని కష్టమేమీ కాదు. గనిలో పంతొమ్మిది చోట్ల నుంచి గంటకోసారి గాలి అంకె వస్తుంది. ఒక్కో చోటికి ఒక్కో నిమిషం. నేను మీట కొట్టి తీగ వదులుతాను, అక్కడున్నవాళ్లు అంకె పంపుతారు, అది బోర్డు మీద వెలుగుతుంది. ఇరవై అంటే బాగున్నట్టు. పద్దెనిమిది అంటే ఫ్యాను చూడాలి. పదహారు అంటే పరుగెత్తాలి. సిస్టం అంకెలు మాత్రమే చదువుతుంది. అంకె కానిది ఏది వచ్చినా తీగలో పుట్టిన రొదగా లెక్కగట్టి చెరిపేస్తుంది. చెరిపే ముందు ఆ అక్షరాలు తీగంతా ఒక చుట్టు తిరిగి, అంకెలు కొట్టే మీటల పలక ఒక్కొక్కరికి ఉంటుంది, ఎవరి పలక మీద వాళ్లకు కనిపిస్తాయి. నా గదిలో చుట్ట కాగితం మీద అచ్చవుతాయి.

మా బస్సు నడిచేది అక్కడే.

రోజు 221, రెండో షిఫ్ట్

బస్సు మొదలై నాలుగు నెలలైంది. మొదలుపెట్టింది మొగిలి. "వాన పడుతోంది. బస్సు స్టార్ట్ అయింది. డ్రైవర్ మొగిలి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరైనా ఎక్కారా?" అని ఒకరోజు చుట్ట మీద వచ్చింది. నేను రెండు రోజులు భయపడ్డాను. ఎవరో నన్ను పట్టుకోవడానికి వేసిన వల అనుకున్నాను. మూడో రోజు రాశాను: "కండక్టర్ రాజేశ్వరి విజిల్ వేసింది. రైట్ రైట్." వారం తర్వాత ఒక ముసలామె బుట్టలో కోడితో ఎక్కింది. ఆమెను కోడి అవ్వ అంటాం.

పేర్లు పాతవి పెట్టుకున్నాం. మా అమ్మమ్మ పేరు హన్సిక, పక్కింటి ముసలాయన పేరు రిత్విక్. రాజేశ్వరి, మొగిలి అంటే బస్సులు తిరిగిన కాలం మనుషుల్లా అనిపిస్తారు. బస్సు మేమెవరమూ చూడలేదనుకుంటాను. వాన కూడా చూడలేదు. "ఎదురుగా వచ్చిన బస్సుకు మా బస్సు వైపర్లు ఊపి నమస్తే పెట్టింది" అని మొగిలి ఒకసారి రాశాడు. వైపర్లు అందుకు కాదని నాకు స్కూలు పుస్తకం వల్ల తెలుసు. కానీ ఒకసారి రాసింది నిజం, దాన్ని కాదనకూడదు. కాబట్టి మా లోకంలో బస్సులు వైపర్లతో పలకరించుకుంటాయి. ఒకరోజు అవ్వ, ఎదురుబస్సు నమస్తేకు మా బస్సు బదులు పెట్టలేదనీ, ప్రయాణికులందరూ సిగ్గుపడ్డారనీ రాసింది. అప్పుడు నాకు ఆ తప్పు మీద ఇష్టం పుట్టింది.

మొదట్లో ఆటను పాడుచేసింది నేనే. ఒక్క టర్నులో నా కండక్టర్ దొంగను పట్టుకుంది, పాట పాడింది, టైరు మార్చింది. ఆ రోజు ఎవరూ తిరిగి ఏమీ రాయలేదు. రాయడానికి నేను ఏమీ మిగల్చలేదని అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది. టర్ను చివర ఏదో ఒకటి పక్కవాళ్ల చేతిలో పెట్టి ఆగాలి. వాళ్లు పట్టుకుంటారో వదిలేస్తారో వాళ్లిష్టం. ఈ పనిలో అవ్వను మించినవాళ్లు లేరు. "బుట్ట కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. అవి వాన నీళ్లు కావు" అని రాసి ఊరుకుంటుంది. ఆ తర్వాతి గంట నేను లెక్కలు చేయలేను.

అన్నిటికంటే పెద్ద రూలు ఒకటి. ఎవరి మనిషిని వాళ్లే కదిలించాలి. నేను అవ్వ వైపు టికెట్ చాచవచ్చు. అవ్వ తీసుకుంది అని మాత్రం నేను రాయకూడదు. రాస్తే మూడు రౌండ్లు నోరు మూసుకోవాలి. గంటకొక రౌండు, అంటే మూడు గంటలు. మొగిలి ఒకసారి, నేను రెండుసార్లు ఆ శిక్ష పడ్డాం. అవ్వ ఎప్పుడూ పడలేదు.

ఎవరెవరని అడగకూడదు. ఇది అందరికంటే నాకే కష్టం. చుట్ట మీద ప్రతి వాక్యం పక్కనా నిమిషం అచ్చవుతుంది. నిమిషం చూస్తే ఎన్నో నంబరు గదో తెలిసిపోతుంది. అందుకని ఆ అంచు మీద అట్టముక్క పెట్టి టేపు వేశాను. తెలిస్తే ఎప్పుడో ఒకప్పుడు బడిలోనో నీళ్ల లైనులోనో వాళ్ల ముఖం వెతుకుతాను. నన్ను నేను అంత నమ్మను.

రోజు 225, రెండో షిఫ్ట్

ఈరోజు స్కూల్లో తనిఖీ. పిల్లలెవరైనా పెద్దల డ్యూటీ చేస్తున్నారా అని అడిగారు. ఎవరూ చేయి ఎత్తలేదు. నా చెవులు వేడెక్కాయి. టీచర్ నన్ను చూసి జ్వరమా అంది. అవునన్నాను.

అవ్వ టర్నులు ఆలస్యంగా వస్తున్నాయి. మునుపు తన నిమిషంలో మొదటి పది సెకన్లలోనే రాసేది. ఇప్పుడు నిమిషం అయిపోయే ముందు ఒక్క ముక్క. "కోడి తల వాలింది." "కిటికీ అద్దం చల్లగా ఉంది, తల ఆనించిన." మొగిలి చాలా మెచ్చుకున్నాడు. గీత కింద రాసే మాటలు ఆట బయటివి. అక్కడ ఇలా రాశాడు: "అవ్వా, ఇంత తక్కువ మాటల్లో నిద్రమత్తు ఎట్లా తెచ్చినవ్?" అవ్వ గీత కింద ఏమీ రాయలేదు.

నేనూ మెచ్చుకున్నాను.

రోజు 226, రెండో షిఫ్ట్

అమ్మ చేయి ఈరోజు అన్నం గిన్నె పట్టుకోలేకపోయింది. నేను చూడనట్టు ఉన్నాను. తను నవ్వి, గిన్నె జారుడుగా ఉందంది.

బస్సులో అందరూ నిద్రపోతున్నారు. అవ్వ నిద్రమత్తులో ఉంది కాబట్టి మొగిలి వాన తగ్గించాడు, నేను లైట్లు ఆర్పాను. చాలా అందమైన రౌండు అది. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను.

రోజు 227, రెండో షిఫ్ట్. మూడో గంట

అవ్వ రూలు తప్పింది. "కండక్టర్ కూడా నా పక్కన కూసోని నిద్రపోయింది" అని రాసింది.

నాకు కోపం వచ్చింది. రాజేశ్వరి డ్యూటీలో నిద్రపోదు. నేను నిద్రపోను కదా. గీత కింద "అవ్వకు మూడు రౌండ్లు" అని రాశాను. మొగిలి "సరే" అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. శిక్షలో ఉన్నవాళ్లు ఏమీ అనకూడదు, అదే శిక్ష.

ఏడో గంట

మూడు రౌండ్లు అయిపోయాయి. నాలుగోది కూడా. అవ్వ రాయలేదు. అలిగిందనుకున్నాను. రాజేశ్వరి చేత "అవ్వా, టికెట్" అనిపించాను. జవాబు లేదు. మొగిలి "బుట్టలో చప్పుడు లేదేంటి?" అని రాశాడు. జవాబు లేదు.

తర్వాత అట్టముక్క పీకేశాను.

అవ్వ వాక్యాలన్నీ పదకొండో నిమిషంలో వచ్చాయి. పదకొండు అంటే కింది వైపు పంపు గది. బోర్డు మీద పదకొండు పక్కన ఇరవై వెలుగుతోంది. చుట్ట మీద మాత్రం పదకొండో నిమిషం దగ్గర నాలుగు గంటలుగా అంకె లేదు, ఉత్త కాగితం. అంకె రాకపోతే సిస్టం గత మూడు రోజులవి చూసి, సరిపోయేదాన్ని తనే నింపుతుంది. రెండు షిఫ్టులు వరసగా రాకపోతేనే మనిషిని పంపుతారు. బోర్డు చూసేవాళ్లకు అసలు అంకెకూ నింపిన అంకెకూ తేడా తెలియదు. చుట్టను ఎవరూ చూడరు. అది చూసే పని నాది, నేను అవ్వ వాక్యాల కోసమే చూశాను.

ఇక్కడ ఒకటి రాయాలి. ఇది తెలిశాక నేను పద్దెనిమిది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. పేరు లేకుండా, గని మొత్తాన్ని నడిపే కంట్రోల్‌కు ఎలా చెప్పవచ్చో ఆలోచించాను. ఫ్యూజు పీకితే మనిషి వస్తాడు, కానీ ఈ గదికి వస్తాడు. ఏ దారి చూసినా చివరికి అమ్మ చేయే బయటపడుతోంది. అవ్వ ఎవరో నాకు తెలియదు కదా అని కూడా అనుకున్నాను.

తర్వాత అమ్మను లేపాను.

పదకొండులో ఎవరుంటారని అడిగితే, హర్షిణి అని ఒకామె ఉందని, ఒక్కతే పంపు చూసుకుంటుందని చెప్పింది. అక్కడ గాలి బాగాలేదన్నాను. అమ్మ బోర్డు చూసి, ఇరవై ఉంది కదా అంది. అది ఆమె పంపింది కాదన్నాను.

"నీకెట్ల తెలుసు?"

చెప్పాను. బస్సు, కోడి, మూడు రౌండ్లు, అన్నీ. అమ్మ నా ముఖం చూడలేదు, చుట్ట చూసింది. ఉత్త కాగితం మీద వేలు పెట్టి గంటలు లెక్కపెట్టింది.

"చెప్తే నిన్ను పైకి పంపుతరమ్మా."

"నాకెర్కే బిడ్డా," అంది. లేచి, వణికే చేత్తోనే కంట్రోల్‌ను పిలిచే ఎర్ర మీట నొక్కింది.

రోజు 227, అదే షిఫ్ట్

షిఫ్ట్ ఇన్‌చార్జి ధీరజ్ సార్ నాలుగు నిమిషాల్లో వచ్చాడు. మీటల ముందు నన్ను చూశాడు, అమ్మ చేయి చూశాడు, ఆ మాట తర్వాత అన్నట్టుగా పక్కన పెట్టాడు. పదకొండుకు నలుగురిని పంపాడు. దారిలో ఏడు తలుపులు. ఒకటి మూసి గాలి సరిచేశాకే ఇంకొకటి తెరుచుకుంటుంది, తలుపుకు ఆరు నిమిషాలు. మొత్తం నలభై రెండు.

పదకొండు వెనక మూసేసిన పాత తవ్వకం ఉందనీ, అందులోంచి వచ్చే చెడ్డ గాలి బరువుగా ఉండి నేల నుంచి పైకి నిండుతుందనీ సార్ చెప్పాడు. కింద కూర్చున్నా పడుకున్నా అందులో మునిగినట్టే. ఆ గదిలో నీళ్ల ట్యాంకు మీదికి ఇనుప నిచ్చెన ఉంది. ఎక్కితే తల పైగాలిలో ఉంటుంది.

మిగతా చోట్ల అంకెలు ఆపించి, నిమిషాల వంతు లేకుండా తీగను తెరిచే ఉంచాడు. నన్ను జరిపి తనే మీటలు కొట్టాడు. "హర్షిణీ, లేచి నిచ్చెన ఎక్కు. ఇది ఆర్డర్. ధీరజ్." మూడుసార్లు పంపాడు. ఆమె పలకకు పొడుగు తీగ ఉంటుంది, చేతిలోనే ఉండి ఉంటుంది. ఏమీ రాలేదు.

నేను రాస్తానన్నాను.  మళ్లీ అన్నాను.

సార్ జరిగాడు. "రాయి. అవ్వ లేచింది అని రాయి. నిచ్చెన ఎక్కింది అని రాయి."

"అట్ల రాయొద్దు సార్."

"ఎందుకు?"

"అవ్వ నాది కాదు."

ఆయన అమ్మ వైపు చూశాడు, ఈ పిల్లకు ఏమైంది అన్నట్టు. అవ్వను నేను కదిలిస్తే కథలో లేచేది ముసలామె మాత్రమేనని, గదిలో హర్షిణి అలాగే పడి ఉంటుందని నాకు తెలుసు. దాన్ని ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు.

"పిల్లను రాయనియ్యుండ్రి సార్," అంది అమ్మ.

మొదట ఏం రాయాలో ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆమె చివరి వాక్యాన్ని నేను కాదన్నాను. అక్కడే తెగింది, అక్కడే కట్టాలి.

"కండక్టర్: అవ్వా, నువ్వు రాసింది నిజమే. నీ పక్కనే నిద్రపోయాను. ఇప్పుడే మెలకువ వచ్చింది. నీ బుట్ట ఖాళీగా ఉంది."

ఒక నిమిషం. రెండు. సార్ గడియారం చూస్తున్నాడు. అప్పుడు చుట్ట కదిలింది, కానీ అవ్వ కాదు.

"మొగిలి: అద్దంలో కనబడుతోంది. కోడి బస్సు వెనక నిచ్చెన ఎక్కుతోంది. బస్సు ఆపితే దూకేస్తుందని భయం."

తీగ మొత్తం కంట్రోల్ చేతిలో ఉందని అందరి పలకల మీదా ఎర్ర లైటు వెలిగి చెబుతూ ఉంటుంది. ఇప్పుడు రాస్తే దొరికిపోవచ్చని మొగిలికి తెలుసు. అయినా రాశాడు. నిచ్చెన సంగతి సార్ పంపిన ఆర్డరులో చదివి ఉంటాడు. అది ఎలా అందించాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

చుట్ట మళ్లీ కదిలింది.

"నా కోడా"

సార్ ముందుకు వంగాడు. ఎక్కమని రాయి, తొందరగా అన్నాడు. నేను రాసింది వేరు.

"కండక్టర్: నేను పిలిస్తే ఇంకా పైకి పోతోంది. అది నీ గొంతుకే ఆగుతుంది అవ్వా."

ఈసారి చాలాసేపు పట్టింది. తర్వాత: "లేస్తున్న." తర్వాత: "ఎన్ని మెట్లు."

సార్‌ను చూశాను. పదకొండు గదిలో నిచ్చెనకు తొమ్మిది మెట్లని సార్ చెప్పాడు. అంకె వేస్తే సిస్టం గాలి అంకె అనుకుంటుంది. అక్షరాల్లో రాశాను. "తొమ్మిది."

"ఒకటి."

"మొగిలి: బస్సు మెల్లగా నడుపుతున్నా. గుంతలు లేని వైపే పోతున్నా."

"రెండు."

"మూడు."

మూడు దగ్గర ఆగిపోయింది. ఒక నిమిషం తర్వాత "కాళ్లు లేవు" అని వచ్చింది.  పడిపోకు అని రాయబోయాను. అది ఆర్డరే అవుతుంది. చెరిపేశాను. కోడి గురించి నాకు తెలిసిందంతా అవ్వ చెప్పిందే. ఒకసారి ఆమె రాసింది, వానలో తడిస్తే ఆ కోడి అరవదు, ఒంటరిగా వణుకుతుందని.

"కండక్టర్: వాన మళ్లీ మొదలైంది. కోడి అరవడం లేదు."

చుట్ట మీద కళ్లు పెట్టి సెకన్లు లెక్కపెట్టాను. 

"ఐదు," అని వచ్చింది. నాలుగు రాయలేదు. తర్వాత ఆరు. తర్వాత ఏడు చాలా ఆలస్యంగా. ఆ తర్వాత: "దొరికింది. కొంగుతో కట్టిన. ఇగ పోదు."

ఏడు తలుపులు దాటినవాళ్లు తర్వాత చెప్పారు. ఆమె నిచ్చెన ఏడో మెట్టు మీద ఉంది. చీర కొంగుతో నడుమును నిచ్చెనకు కట్టేసుకుని ఉంది. పలక కింద నేల మీద పడి ఉంది. ఊపిరి ఉంది.

రోజు 231

వైద్యుల గదికి వెళ్లాను. అవ్వ నా వయసు పిల్ల అనుకున్నాను ఇన్నాళ్లూ. నలభై ఆరేళ్ల మనిషి. సగం తెల్లజుట్టు, పంపు నూనె మరకలున్న గోళ్లు. నేను ఎవరో చెప్పలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమె ముక్కు మీది గొట్టం పక్కకు జరిపింది.

"నువ్వే గదా నన్ను మూడు రౌండ్లు నోరు మూసుకోమన్నది."

తలూపాను.

"రూలంటే రూలే. నేనైతే నీకు ఐదు ఏస్తుండె," అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది. నర్సు నన్ను బయటికి పంపేసింది.

రోజు 233

విచారణ అయింది. ముగ్గురు కూర్చున్నారు, ధీరజ్ సార్ ఒకడు. నాలుగు నెలలు తీగను దేనికి వాడానో మొత్తం చెప్పించుకున్నారు. బస్సు ఎక్కడికి వెళ్తోందని వాళ్లలో ఒకామె అడిగింది. ఇంకా ఎవరూ రాయలేదన్నాను. ఆమె అది రాసుకుంది.

మొగిలి ఎవరో చెప్పమన్నారు. తెలియదన్నాను, అది నిజం. నేను అట్ట పీకినప్పుడు పదకొండు తప్ప ఇంకేదీ చూడలేదు. అయితే చుట్ట తెమ్మన్నారు.

"గా చుట్ట నీళ్లల్ల పడ్డది సార్," అంది అమ్మ, ముఖంలో ఏ మార్పూ లేకుండా. తీగ గదిలో నీళ్లు ఉండవని ముగ్గురికీ తెలుసు. ధీరజ్ సార్ పైకప్పు చూశాడు.

తీర్పు రెండు ముక్కలు. మొదటిది, సిస్టం నింపిన అంకెను పట్టలేం కాబట్టి, ఇకమీదట ప్రతి చోటా అంకెతో పాటు ఒక వాక్యం ఎవరికి వాళ్లే కొట్టి పంపాలి. మనిషి ఉన్నట్టు గుర్తుగా. రెండోది, అమ్మను తీగ గది నుంచి తీసేశారు. నలభై రోజులు పైకి పంపాలి. ఒక ప్రాణం నిలిచింది కాబట్టి పన్నెండుకు తగ్గించారు. అంతకంటే తగ్గిస్తే రేపు అందరూ అడుగుతారట.

ఇంటికొచ్చాక ఏమైనా మాట్లాడుతుందేమో అని ఎదురుచూశాను. బియ్యం ఏరుతూ, పై షెడ్డులో కూడా పలక ఉంటుందట కదా, గంటగంటకూ ఒంటి వేడి అంకె పంపాలట కదా అంది. అవునన్నాను.

"గా బస్సుల ఎట్ల ఎక్కుతరో చెప్పు."

రెండు గంటలు నేర్పాను. ఎవరి మనిషిని వాళ్లే కదిలించాలి. ఏదో ఒకటి చేతిలో పెట్టి ఆగాలి. అమ్మ రెండోది పట్టించుకోలేదు. చేతిలో పెట్టేది ఏదో పూర్తిగానే పెట్టవచ్చు కదా అంది.

రోజు 241

అమ్మ పైకి వెళ్లి ఐదు రోజులు. తీగ గదిలో ఇప్పుడు వేరే ఆపరేటర్. నాకు ఇంట్లో ఒక పలక ఇచ్చారు, పైకి వెళ్లినవాళ్ల కుటుంబం కింద; అమ్మ అంకెలు అందులో కనిపిస్తాయి.

కొత్త రూలు వచ్చాక పంతొమ్మిది చోట్ల నుంచీ వాక్యాలు వస్తున్నాయి. దాదాపు అన్నీ "బాగుంది." నాలుగో రోజుకల్లా సిస్టం ఆ మాట కూడా నేర్చుకుంది. అంకె రాకపోతే అంకెనూ "బాగుంది"నీ రెండూ తనే నింపుతోంది. ధీరజ్ సార్ నిన్న మా ఇంటికి వచ్చి, నింపలేని వాక్యం ఎలా ఉంటుందని అడిగాడు. ముందు వచ్చినదానికి జవాబుగా ఉంటుంది సార్ అన్నాను. ఆయన టీ తాగి వెళ్లాడు.

అమ్మ మొదటి టర్ను: "కండక్టరమ్మకు తల దువ్వి, జడ ఏసి, అన్నం తినిపిచ్చిన. తిని పండింది." రూలు మొత్తంగా తప్పింది. గీత కింద మొగిలి "శిక్ష?" అని అడిగాడు. వైద్యుల గదిలో మంచం మీద పడుకునే హర్షిణి "ఐదు" అంది. నేను వద్దన్నాను. రాజేశ్వరి జడ బిగుతుగా ఉందని మాత్రం రాశాను.

రోజు 243

ఈ ఉదయం నుంచి పై షెడ్డు అంకెలు ఒకటే. ముప్పై ఏడు పాయింట్ ఆరు. మూడు గంటలు, మూడుసార్లు అదే. పక్కన "బాగుంది." అమ్మ ఇంతవరకూ ఒక్కసారి కూడా "బాగుంది" అని రాయలేదు. ఆపరేటర్‌ను అడిగితే పైన దుమ్ము లేచింది, తీగ తెగుతూ కలుస్తూ ఉంది అన్నాడు. నెల కిందటైతే ఇదే మాట నేనూ అనేదాన్ని.

మొదటి గంటలో రాశాను: "కండక్టర్: మూడో సీటు కింద ఎవరిదో టిఫిన్ డబ్బా దొర్లుతోంది. మూత గట్టిగా ఉంది. కొత్తగా ఎక్కినామె వైపు చాచాను." రెండో గంటలో ఇంకేమీ కలపలేదు. కలిపితే ఆమె చేతిలో ఉన్నది లాక్కున్నట్టు. మొగిలీ, అవ్వా కూడా బస్సును ఒకేచోట తిప్పుతున్నారు, డబ్బా జోలికి వెళ్లకుండా.

నాలుగో గంట. ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి. ఎక్కువే, కానీ కొత్త అంకె. పక్కన ఏమీ లేదు. నిమిషం అయిపోతోంది.

తర్వాత వచ్చింది. మీటలు ఒక చేత్తో కొట్టినట్టు, ఆగి ఆగి.

"డబ్బా తీసిన. అండ్ల ఉప్పు, నిమ్మకాయ. ఎండల తిరిగెటోళ్లది. కొంచెం నేనే తాగిన. మూత లోపల ఒక పేరు చెక్కి ఉన్నది. నాకు అద్దాలు లేవు. కండక్టరమ్మా, సదివి చెప్పు."

రెండుసార్లు చదివాను. అక్కడితో ఆపింది.

పేరు నేను రాయాలి. గంట టైముంది.